పాట ముందు... గొంతు వెనక

ట్రాకు దొరికింది. మైకు కొన్నారు. హెడ్‌ఫోన్ తగిలించుకున్నారు. తీరా పాడబోతే సొంత గొంతు వినిపించదు. వినిపించినా ఆలస్యంగా వస్తుంది. ఆలస్యం తగ్గించామనుకునేలోపు ఒకటికి రెండు గొంతులు మోగుతాయి. ఇంట్లో కంప్యూటర్ మీద పాట రికార్డు చేసుకునే ప్రతి ఒక్కరినీ సతాయించే ఈ చిక్కు ఎక్కడ పుడుతుంది? ఎలా వదులుతుంది?

చీపురుపల్లిలో ఓ మేడగది అనుకుందాం. రాత్రి పదిన్నర. కిటికీకి బొంత వేలాడదీశారు. గాలి హోరు మైకులో పడుతుందని ఫ్యాను ఆపేశారు. హౌరా-చెన్నై లైను మీద గూడ్సు బండి వెళ్లిపోయేదాకా ఆగి, ఆ చప్పుడు సద్దుమణిగాక మేనల్లుడు రికార్డు బటన్ నొక్కాడు. మావయ్య పల్లవి ఎత్తుకున్నాడు. రెండు ముక్కలు పాడాడో లేదో హెడ్‌ఫోన్ తీసి పక్కన పడేశాడు.

‘‘ఏట్రా ఇది? నేను పాడతంటే నా ఎనకాల ఇంకెవుడో పాడతన్నాడు!’’

‘‘ఇంకెవుడూ కాదు మావయ్యా, నీ గొంతే. లేటుగా వస్తంది.’’

ఈ మావయ్య ఎవరైనా కావచ్చు. కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకు కొత్త పాట కట్టినవారు, భజన బృందంలో గొంతు కలిపేవారు, పిల్లలకు పద్యాలు చదివి పంపే తెలుగు మాస్టారు, యూట్యూబ్‌లో జానపదం పెట్టాలని ఉబలాటపడే కుర్రాడు... కంప్యూటర్ ముందు కూర్చుని పాడిన ఎవరికైనా ఈ అనుభవం ఎదురవుతుంది. అప్పుడు చాలామంది ముందు తమ గొంతును అనుమానిస్తారు. తర్వాత మైకును అనుమానించి ఇంకా ఖరీదైనది కొంటారు. కొత్త మైకుతోనూ అదే తంతు. ఎందుకంటే అక్కడ తప్పింది పాడటం కాదు, పాడేటప్పుడు తన గొంతు తనకు వినిపించడం. రికార్డింగ్ వాళ్లు దీన్నే మానిటరింగ్ అంటారు.

పాటలు పుట్టిన నేల

ఈ చిక్కును ఉత్తరాంధ్ర నుంచి చూడటానికి కారణముంది. చీపురుపల్లి నుంచి రైలెక్కితే కాసేపట్లో వచ్చే విజయనగరంలో 1919లో సంగీత కళాశాల మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. 1936లో ఆ బాధ్యత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడికి దక్కింది. ఘంటసాల చదువుకున్నదీ ఇక్కడే. 1935లో విజయనగరంలో పుట్టిన పి.సుశీల సంగీతం నేర్చుకున్నదీ ఇక్కడే. ఆమె పాడిన 17,695 పాటలను లెక్కించి 2016లో గిన్నిస్ సంస్థ రికార్డుల్లోకి ఎక్కించింది.

ఆ తరం వాళ్లకు ఆలస్యం అనే బెడద లేదు. గ్రామఫోన్ తొలి రోజుల్లో గాయకులు పెద్ద గరాటు లాంటి హార్న్‌కు ఎదురుగా నిలబడి గొంతెత్తి పాడేవారు. 1925లో మైక్రోఫోన్‌తో రికార్డింగ్ వచ్చాక అరవాల్సిన అవసరం పోయింది. సినిమా పాటలకు గాయకులు, వాద్యబృందం ఒకేసారి పాడి వాయించే రోజుల్లో ఒక్కరు తడబడినా అందరూ మళ్లీ మొదలుపెట్టాల్సిందే. కష్టమే. కానీ ఎవరి గొంతు వారికి గాలిలోంచి నేరుగా, ఆ క్షణానే వినిపించేది.

ఇక్కడి జానపద నృత్యం తప్పెటగుళ్లనే చూడండి. గుల్ల అనే వాద్యం ఆడేవాడి మెడలోంచి గుండె మీదికి వేలాడుతుంది. గుండె నుంచి చెవికి జానెడు మీద కాస్త దూరం. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, కొట్టిన దెబ్బ కొట్టినవాడి చెవికి చేరడానికి ఒక్క మిల్లీసెకను కూడా పట్టదు. ఆడేవాళ్ల వలయానికి అవతల ఐదు మీటర్ల దూరంలో ఉన్న జోడీ దెబ్బకు 15 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ మాత్రం తేడాకు మన చెవి పుట్టినప్పటి నుంచీ అలవాటు పడి ఉంది. అందుకే గజ్జె తప్పదు, అడుగు తప్పదు.

కంప్యూటర్ ఈ దూరాన్ని ఒక్కసారిగా పెంచేసింది.

బిందెలతో మోసే శబ్దం

మైకులో పడిన గొంతు హెడ్‌ఫోన్‌కు తిన్నగా వెళ్లదు. సౌండ్ కార్డు దాన్ని సెకనుకు 44,100 లేదా 48,000 ముక్కలు చేసి అంకెలుగా మారుస్తుంది. కంప్యూటర్ ఆ అంకెలను ఒక్కొక్కటిగా అందుకోదు. బిందె నిండేదాకా ఆగి, నిండాక ఒకేసారి పట్టుకెళుతుంది. ఆ బిందెనే బఫర్ అంటారు. లోపలికి వచ్చేటప్పుడు ఒక బిందె, బయటికి వెళ్లేటప్పుడు ఇంకో బిందె. రెండూ నిండే సమయమే మన ఆలస్యంలో పెద్ద వాటా.

లెక్క తేలికే. బఫర్ 1,024 ముక్కలైతే, 44,100 వేగం మీద ఒక్కో బిందె నిండటానికి 23 మిల్లీసెకన్లు. రాకపోకలకు 46. అంటే మన గొంతు మనకు 16 మీటర్ల అవతల నుంచి వస్తున్నట్టు లెక్క. అదే బఫర్‌ను 128కి దించితే రానూపోనూ 6 మిల్లీసెకన్లు, రెండు మీటర్ల దూరం. దీనికి తోడు డ్రైవర్, విండోస్ తమ వంతుగా మరికొంత ఆపుతాయి. మామూలు సౌండ్ కార్డు మీద ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇన్‌పుట్ మానిటరింగ్ పెడితే ఆలస్యం 100 మిల్లీసెకన్లు దాటడం వింతేమీ కాదు.

అది పాటను ఎంత పాడుచేస్తుందో తాళం వేస్తే తెలుస్తుంది. నిమిషానికి 120 దెబ్బల నడక తీసుకుందాం. దెబ్బకు అర సెకను. అందులో ‘తకధిమి’ నాలుగక్షరాలు, ఒక్కో అక్షరానికి 125 మిల్లీసెకన్లు. ఆలస్యం 130 ఉంటే గాయకుడు ‘క’ అంటున్నప్పుడు చెవిలో ‘త’ మోగుతుంది. చెవి వెనక్కి లాగుతుంది, గొంతు ముందుకు పోవాలంటుంది. ఎంత లయజ్ఞానం ఉన్నవాడైనా తడబడతాడు.

ఇందులో గాయకుడి చేతకానితనం లేదు. 1950లో అమెరికాలో బెర్నార్డ్ లీ అనే పరిశోధకుడు మనిషి మాటను కొద్ది ఆలస్యంతో అతని చెవికే వినిపించి చూశాడు. మాట నత్తిగా మారింది, సాగింది, ఆగిపోయింది. సెకనులో ఐదో వంతు ఆలస్యం దగ్గర ఈ తడబాటు బాగా ఎక్కువని ఇలాంటి ప్రయోగాలు తేల్చాయి. అదే సూత్రంతో జపాన్‌కు చెందిన కురిహర, సుకద దూరం నుంచే వక్త నోరు కట్టేసే పరికరం తయారుచేసి 2012లో ఇగ్ నోబెల్ బహుమతి అందుకున్నారు. సెట్టింగులు సరిగా లేని ఇంటి కంప్యూటర్ మన గాయకుల మీద చేస్తున్నది సరిగ్గా ఆ పనే.

మదుము నుంచి శివారు దాకా

శివారు మడికి నీరు అందలేదంటే రైతు మడి దగ్గరే కూర్చోడు. చెరువు మదుము దగ్గర మొదలుపెట్టి కాలువ గట్టు వెంట నడుస్తాడు. ఎక్కడిదాకా నీరుందో, ఎక్కడ ఆగిందో చూసుకుంటూ వస్తాడు. శబ్దం చేరనప్పుడు చేయాల్సిందీ అదే. నోటి దగ్గర మొదలుపెట్టి చెవి దాకా నడవాలి.

మొదటి మజిలీ పిన్ను. పాత డెస్క్‌టాప్ వెనక మూడు రంధ్రాలుంటాయి. గులాబీ రంగుది మైకుకు, పచ్చది హెడ్‌ఫోన్‌కు, నీలం లైన్ ఇన్‌కు. మైకును నీలం దాంట్లో గుచ్చితే వినీవినిపించనట్టు ఉంటుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు తరచూ ఒకటే రంధ్రం. అది ఫోను హెడ్‌సెట్ కోసం చేసింది. ఆ హెడ్‌సెట్ పిన్ను మీద మూడు నల్ల గీతలు, నాలుగు భాగాలు కనిపిస్తాయి. విడిగా కొన్న మైకు పిన్నుకు సాధారణంగా రెండు గీతలే. దాన్ని తిన్నగా గుచ్చితే ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ అనుకుంటుంది, గొంతు మాత్రం తన లోపలి మైకులోంచి తీసుకుంటూ ఉంటుంది. మైకుకూ హెడ్‌ఫోన్‌కూ దారులు వేరుచేసే చిన్న వై కేబుల్ దీనికి మందు. ఏ మైకు పనిచేస్తోందో తేల్చుకోవడానికి దాని జాలీ మీద వేలితో మెల్లగా గీకాలి. తెర మీద మీటర్ ఎగిరితే అదే మైకు. ల్యాప్‌టాప్ అంచు మీద గీకినప్పుడు ఎగిరితే దారి తప్పినట్టే.

రెండో మజిలీ విండోస్. సెట్టింగుల్లో ప్రైవసీ కింద మైక్రోఫోన్ అనుమతి ఉంటుంది. డెస్క్‌టాప్ యాప్‌లకు ఆ అనుమతి ఆపేసి ఉంటే మైకు బాగున్నా సాఫ్ట్‌వేర్‌కు నిశ్శబ్దమే అందుతుంది. తర్వాత సౌండ్ సెట్టింగుల్లో ఏ పరికరం ఎంచుకున్నారో, మ్యూట్ అయి ఉందేమో చూడాలి.

మూడో మజిలీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. అందులోనూ పరికరం విడిగా ఎంచుకోవాలి. అక్కడ స్టీరియో మిక్స్ అని ఉంటే కంప్యూటర్‌లో మోగుతున్న ట్రాకు రికార్డవుతుంది, గొంతు మాత్రం ఎక్కదు. ‘పాడిందంతా పోయింది, కరోకే మాత్రం మిగిలింది’ అని వాపోయేవాళ్లలో చాలామంది ఇక్కడే జారిపడ్డారు.

మీటర్ ఎగురుతోంది, రికార్డూ అవుతోంది, పాడేటప్పుడు మాత్రం వినిపించడం లేదంటే సమాచారం మంచిదే. కాలువ బాగానే ఉంది, చివరి మడి గండి తెరవలేదంతే. ఆడాసిటీలో ట్రాన్స్‌పోర్ట్ మెనూ కింద ఇన్‌పుట్ మానిటరింగ్ టిక్ పెడితే గొంతు వినిపిస్తుంది. అయితే టిక్ పెట్టగానే ఆలస్యం కూడా వెంట వస్తుంది. మామూలు సౌండ్ కార్డు వాళ్లు ఆ టిక్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఆలస్యాన్ని తరిమే మూడు దారులు

మొదటి దారికి పైసా ఖర్చు లేదు. సాఫ్ట్‌వేర్ మానిటరింగ్ తీసేసి, హెడ్‌ఫోన్‌లో ట్రాకు మాత్రమే వింటూ, ఒక చెవిని తెరిచి ఉంచుకోవడం. తన గొంతు తనకు గాలిలోంచి, పుర్రె ఎముకలోంచి క్షణంలో అందుతుంది. పల్లె గాయకులు చెవి పక్కన అరచేయి ఒంచి పెట్టుకుని పాడటం అందరం చూసిందే. ఆ చేయి గొంతును చెవిలోకి మళ్లిస్తుంది. పెద్ద స్టూడియోల్లోనూ గాయకులు హెడ్‌ఫోన్‌ను ఒక చెవి నుంచి పక్కకు జరుపుకుని పాడతారు. తెరిచి ఉన్న చెవి వైపు హెడ్‌ఫోన్ కప్పును మాత్రం చెంపకు ఆనించి మూసెయ్యాలి. లేకపోతే ట్రాకు మైకులోకి కారుతుంది.

రెండో దారి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. చాలా వాటి మీద డైరెక్ట్ మానిటర్ అనే మీట ఉంటుంది. అది నొక్కితే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రావాల్సిన పని లేకుండా ఆ పెట్టెలోనే మలుపు తిరిగి హెడ్‌ఫోన్‌కు చేరుతుంది. ఆలస్యం చెవికి తెలియదు. కండెన్సర్ మైకుకు కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా చాలా ఇంటర్‌ఫేసులే ఇస్తాయి. ఆ పవర్ మీట వేయకపోతే అలాంటి మైకు ఎంత మంచిదైనా మూగదే.

మూడో దారి డ్రైవర్. జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ 1997లో ఏసియో అనే పద్ధతి తెచ్చింది. విండోస్ మధ్యవర్తులను పక్కన పెట్టి సాఫ్ట్‌వేర్‌ను సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడిస్తుందది. క్యూబేస్, రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లలో ఏసియో ఎంచుకుని బఫర్‌ను 256కో 128కో దించవచ్చు. మరీ చిన్న బిందెలు పెడితే మోసేవాడు పరుగులు పెట్టాలి. కాలు తడబడినచోట పాటలో చిటపటలు వినిపిస్తాయి. అలాంటప్పుడు ఒక మెట్టు పెంచుకోవాలి. పాడేటప్పుడు బఫర్ చిన్నది, పాడటం అయిపోయి మిక్సింగ్‌కు కూర్చున్నప్పుడు పెద్దది: స్టూడియోల్లో పాటించే వాడుక ఇదే.

ఈ మూడు దారుల్లో ఏది ఎంచుకున్నా బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం పనికిరాదు. గొంతు అటు చేరడానికే తరచూ 100 నుంచి 200 మిల్లీసెకన్లు పడుతుంది. బెర్నార్డ్ లీ తరహా ప్రయోగాల్లో మాట బాగా తడబడ్డ ఆలస్యం దాదాపు ఇంతే. పైగా దాని మైకు కూడా వాడితే అది ఫోను కాల్ పద్ధతికి మారి ట్రాకు నాణ్యతను దిగజారుస్తుంది. తీగ ఉన్న హెడ్‌ఫోనే వాడాలి.

రెండు గొంతులు, ఒక కూత

డైరెక్ట్ మానిటర్ మీట నొక్కి, సాఫ్ట్‌వేర్‌లోనూ మానిటరింగ్ ఉంచితే ఒకే గొంతు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి వెంటనే, రెండోది కాస్త వెనక. తేడా ఎక్కువైతే ఇద్దరు పాడినట్టుంటుంది. తేడా ఐదారు మిల్లీసెకన్లే అయితే ఇంకో వింత. రెండు అలలు కొన్ని స్వరాల దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుని, గొంతు రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు బోలుగా మారుతుంది. విండోస్‌లో మైకు ప్రాపర్టీస్ కింద ‘లిసన్ టు దిస్ డివైస్’ అని ఒక టిక్ ఉంటుంది. ఎప్పుడో సరదాగా పెట్టి మరిచిపోయిన ఆ టిక్ మూడో గొంతు కూడా తెస్తుంది. ఒక్క దారి ఉంచి మిగతావి మూసెయ్యడమే దీనికి పరిష్కారం.

కూత సంగతి జాతరలో మైక్‌సెట్ చూసిన ఎవరికైనా తెలుసు. మైకు పట్టుకుని బాక్సు ముందుకెళితే చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో పడి, పెరిగి, మళ్లీ బాక్సులోకి వెళ్లి తిరుగుతూ ఉండటమే కారణం. డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద దీన్ని లార్సెన్ ప్రభావమంటారు. ఇంట్లోనూ స్పీకర్లు పెట్టి మానిటరింగ్ వేస్తే జరిగేదిదే. అందుకే మానిటరింగ్ టిక్ పెట్టేముందు స్పీకర్ తీగ పీకెయ్యాలి.

శ్రుతిపెట్టెను మింగేసే మేలు

ఇది చాలామంది దృష్టికి రాని సంగతి. విండోస్, సౌండ్ కార్డు డ్రైవర్లు ‘మేలు’ చేయడానికి కొన్ని హంగులు పెట్టాయి. నాయిస్ సప్రెషన్, ఎకో క్యాన్సిలేషన్ అలాంటివి. అవి మీటింగు కాల్స్ కోసం పుట్టాయి. ఏకధాటిగా మోగేది ఏదైనా వాటి లెక్కలో ఫ్యాను హోరే. తంబురా, శ్రుతిపెట్టె, హార్మోనియం మీద నిలిపి పట్టిన స్వరం... ఇవన్నీ ఏకధాటిగా మోగేవే కదా! పాట మొదట్లో వినిపించిన శ్రుతి రెండు మూడు సెకన్లకు కరిగిపోతుంది. గాయకుడు ఊపిరి బిగబట్టి నిలిపిన కార్వై చివర్లో నలిగిపోతుంది. హరికథకు శ్రుతి పట్టే మన సంప్రదాయానికి ఇంతకంటే నష్టం ఏముంటుంది? సౌండ్ సెట్టింగుల్లో మైకు కింద ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేస్తే శ్రుతి మళ్లీ నిలబడుతుంది.

శ్రుతికి సంబంధించి ఇంకో తేడా ఉంది. 44,100 వేగంతో ఎక్కిన పాటను సరిచూడకుండా 48,000 వేగంతో మోగిస్తే ఒకటో శ్రుతిలో పాడినది ఒకటిన్నర దాటి రెండుకు దగ్గరపడుతుంది, నడక కూడా పెరుగుతుంది. విండోస్‌లో, సాఫ్ట్‌వేర్‌లో, ఇంటర్‌ఫేస్‌లో మూడుచోట్లా ఒకే అంకె ఉంటే ఈ తలనొప్పి రాదు. పాట వీడియో కోసమైతే 48,000 పెట్టుకోవడం వాడుక.

ఇక సన్నగా ‘గుమ్‌’ మనే హోరు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ ఊపే మైకు తీగలో పడుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద పాడి చూడాలి. హోరు పోతే దోషం ఛార్జర్ దారిలో, తరచూ ఎర్తింగ్‌లో ఉన్నట్టు.

రబ్బరు బ్యాండు పరీక్ష

పాడేటప్పుడు అంతా బాగుండి, తర్వాత వింటే గొంతు ట్రాకుకు వెనకో ముందో పడిందంటే అది వేరే రోగం. రికార్డయిన గొంతు ఎంత ఆలస్యంగా వచ్చిందో సాఫ్ట్‌వేర్ అంచనా వేసుకుని ఆ మేరకు ముందుకు జరుపుతుంది. ఆడాసిటీ తనంతట తాను పెట్టుకునే అంకె మైనస్ 130 మిల్లీసెకన్లు. అది అందరి కంప్యూటర్లకూ వేసిన ఉజ్జాయింపు లెక్క. మన కంప్యూటర్ అసలు అంకె మనమే కొలుచుకోవాలి.

కొలవడానికి ఒక రబ్బరు బ్యాండు చాలు. హెడ్‌ఫోన్ ఒక చెవి కప్పును మైకు మూతికి ఆనించి బ్యాండుతో బిగించాలి. ఆడాసిటీలో రిథమ్ ట్రాక్‌తో ‘టక్ టక్’ శబ్దం తయారుచేసి, దాన్ని మోగిస్తూ కొత్త ట్రాకులోకి రికార్డు చేయాలి. ఇప్పుడు తెర మీద పైన అసలు టక్కులు, కింద మైకు విన్న టక్కులు. ఒక టక్కు దగ్గర బాగా జూమ్ చేసి రెండింటి మధ్య ఖాళీని మౌసుతో ఎంచుకుంటే ఎన్ని మిల్లీసెకన్లో కింద కనిపిస్తుంది. కింది టక్కు 40 మిల్లీసెకన్లు వెనకపడితే మైనస్ 130ని మైనస్ 170 చేయాలి. ముందుకు పడితే అంత తగ్గించాలి. మళ్లీ ఒకసారి రికార్డు చేసి చూస్తే రెండు టక్కులూ ఒకే గీత మీద నిలబడతాయి.

మేడగదిలో మేనల్లుడు కూడా అదే చేశాడనుకుందాం. ఇన్‌పుట్ మానిటరింగ్ టిక్ తీసేశాడు. నాయిస్ సప్రెషన్ ఆపేశాడు. టక్కులు రెండూ కలిసేదాకా అంకె సరిచేశాడు. మావయ్య కుడి చెవికి హెడ్‌ఫోన్, ఎడమ చెవి తెరిచి. శ్రుతిపెట్టె మోగుతోంది. రెండు ముక్కలు దాటి చరణంలోకి వెళ్లాడు, ఆగలేదు. పాట అయ్యేసరికి గదంతా ఉక్క. మేనల్లుడు ఫ్యాను వేసి, స్పీకర్ తీగ మళ్లీ గుచ్చి, మొదటి నుంచి ప్లే నొక్కాడు.

‘‘ఈసారి నా ఎనకాల ఎవుడూ లేడు’’ అన్నాడు మావయ్య, కిటికీ మీది బొంత తొలగిస్తూ.